అవునన్న కాలేజీ

మార్చి నెలాఖరుకల్లా అమెరికాలో కాలేజీల నుంచి జవాబులు వచ్చేస్తాయి. రమ్మన్న చోటికి వెళ్ళొచ్చు. వద్దన్న చోటు గురించి నాలుగు రోజులు బాధపడి ఊరుకోవచ్చు. ఎటూ తేల్చకుండా ‘కొన్నాళ్ళు ఆగండి’ అన్నవాళ్ళతోనే కష్టం. దానికే వెయిట్‌లిస్ట్ అని పేరు. అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెట్టా, జాన్స్‌క్రీక్ వైపు మనవాళ్ళ ఇళ్ళు ఎక్కువ. ఏప్రిల్ వచ్చిందంటే గుళ్ళో కలిసినా, ఇండియన్ కొట్లో కలిసినా, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి కలిసినా ఇదే మాట. "మీ అమ్మాయికి ఎక్కడొచ్చింది?" అని అడిగి, తర్వాత గొంతు తగ్గించి, "వెయిట్‌లిస్ట్ అంటే వచ్చినట్టే కదా వదినా?" అంటారు.

ఆ ప్రశ్నలో ఉన్న ఆశ నాకు తెలుసు. తూర్పు తీరంలో పెద్ద పేరున్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి మా అమ్మాయికీ ఆ జవాబే వచ్చింది. ఏథెన్స్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ జార్జియా మాత్రం అప్పటికే రమ్మంది. ఒకటి అవునంది, ఒకటి ఏమీ అనలేదు. విచిత్రం ఏమిటంటే, అవునన్న కాలేజీ గురించి ఇంటికొచ్చిన వాళ్ళెవరూ రెండో మాట అడగలేదు. అందరూ ఏమీ అనని కాలేజీ గురించే మాట్లాడారు. నేను ఆలోచించడం మొదలుపెట్టింది అక్కడే.

మన తరానికి వెయిటింగ్ లిస్టు అంటే రైలు టికెట్టే. డబ్ల్యూఎల్ 14 అంటే మన ముందు పదమూడుమంది ఉన్నారని అర్థం. ఎవరో ప్రయాణం మానుకుంటే మన నంబరు ముందుకు జరుగుతుంది. ఆర్‌ఏసీ దాకా వస్తే కనీసం కూర్చోడానికి చోటుంటుంది. అందులో ఒక న్యాయం ఉంది: ముందు వచ్చినవాడు ముందు ఎక్కుతాడు. అందుకే మనవాళ్ళు కాలేజీ వెయిట్‌లిస్టుని కూడా అలాగే చూసి, "ఎన్నో నంబరులో ఉన్నాం?" అని అడుగుతారు. చాలా కాలేజీల్లో నంబరే ఉండదు, వరుసా ఉండదు. మే 1వ తేదీ నాటికి పిల్లలంతా ఎక్కడో ఒకచోట డిపాజిట్ కట్టేస్తారు. ఆ మర్నాటి నుంచి కాలేజీ తన తరగతిలో ఎక్కడ పలచబడిందో చూసుకుంటుంది. ఫిజిక్స్‌లో చేరేవాళ్ళు తగ్గారా, ఫలానా రాష్ట్రం నుంచి ఎవరూ రాలేదా, వాద్య బృందంలో ఒక వాద్యానికి మనిషి లేడా, పూర్తి ఫీజు కట్టగలిగినవాళ్ళు ఇంకొందరు కావాలా. ఎలాంటి ఖాళీ ఉంటే దానికి సరిపడే పిల్లల్ని పిలుస్తుంది. మొదటి విడతలో కుటుంబం ఆర్థిక స్థితి చూడబోమని చెప్పే కాలేజీల్లో కూడా కొన్ని, వెయిట్‌లిస్ట్ దగ్గరికొచ్చేసరికి ఆ మాట ఇవ్వవు. ఎవరిని పిలిస్తే ఎంత ఎయిడ్ ఇవ్వాల్సి వస్తుందో లెక్క చూసుకుంటాయి. అప్పటికి బడ్జెట్‌లో మిగిలేది కూడా తక్కువే.

ఇదేమీ రహస్యం కాదు. చాలా యూనివర్సిటీలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అని ఒక పెద్ద పట్టిక వాళ్ళ వెబ్‌సైట్‌లో పెడతాయి. దాని సీ2 విభాగంలో ఎంతమందిని వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు, వాళ్ళలో ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందిని తీసుకున్నారు అని మూడు అంకెలుంటాయి. నాలుగైదేళ్ళ పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బోధపడుతుంది. ఒకే కాలేజీ ఒక ఏడు వందమందిని పిలుస్తుంది, ఇంకో ఏడు ఒక్కరినీ పిలవదు. 2020లో కోవిడ్ వల్ల ఎవరొస్తారో ఎవరు రారో తెలియక చాలా కాలేజీలు ఆ జాబితాల్లోంచి మామూలు కంటే ఎక్కువమందిని తీసుకున్నాయి. పిల్లలు ఆ ఏడు హఠాత్తుగా తెలివైనవాళ్ళు అయిపోలేదు కదా.

అయినా ఆ జవాబుని మనం తీర్పులాగే చదువుతాం. కారణం మన చదువుల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 1986లో మొదలైంది. నా వయసువాళ్ళందరం దాని నీడలో పెరిగినవాళ్ళమే. ఒక పరీక్ష, ఒక ర్యాంకు. కౌన్సెలింగ్ హాల్లో ఏ కాలేజీలో ఎన్ని సీట్లు మిగిలాయో చూసుకుంటూ, పక్కన నాన్న చేతిలో సర్టిఫికెట్ల ఫైలుతో కూర్చున్న రోజు ఎవరమూ మరిచిపోలేదు. ఆ పద్ధతిలో ఎన్ని లోపాలున్నా ఒకటి మాత్రం స్పష్టం: నా కంటే ముందు సీటు తీసుకున్నవాడికి నా కంటే మార్కులు ఎక్కువ. దాన్ని ఒప్పుకుని బతికాం. ఇక్కడి కాలేజీ ‘ఆగండి’ అంటే మన మనసు దాన్ని కూడా ఒక ర్యాంకుగా మార్చుకుంటుంది. ‘మా పిల్ల కొంచెంలో తప్పింది’ అనుకుంటుంది. ఇంకొంచెం పియానో వాయించి ఉంటే, ఇంకో సమ్మర్ రీసెర్చ్ చేసి ఉంటే అని వెనక్కి వెళ్ళి లెక్కలు వేస్తుంది. ఆ లెక్కలు పిల్లల చెవిన పడతాయి. పదిహేడేళ్ళ పిల్లకి తను చాల్లేదన్న మాట మాత్రమే వినబడుతుంది.

ఈ జాబితా తీర్పు కాదనడానికి నా దగ్గరున్నది తల్లి మనసు ఒక్కటే అయితే నేనిది రాసేదాన్ని కాదు. 2023లో హార్వర్డ్ ఆర్థికవేత్తలు రాజ్ చెట్టీ, డేవిడ్ డెమింగ్, బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన జాన్ ఫ్రీడ్‌మన్ కలిసి ఒక పెద్ద పరిశోధన ప్రచురించారు. ఎనిమిది ఐవీ కాలేజీలు, వాటితో పాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో. ఈ పన్నెండింటిలో చదివితే జీవితం ఎంత మారుతుందన్నది వాళ్ళ ప్రశ్న. అక్కడ చేరేవాళ్ళు మొదటినుంచీ గట్టి పిల్లలే కాబట్టి మామూలుగా పోల్చి చూస్తే నిజం తేలదు. అందుకని వాళ్ళు వెయిట్‌లిస్టునే ఆధారంగా తీసుకున్నారు. ఒకే జాబితాలో ఉండి పిలుపు వచ్చినవాళ్ళు ఒకవైపు, రానివాళ్ళు మరోవైపు. ముందుగా వాళ్ళు చూసింది ఇదీ: పిలుపు వచ్చిన పిల్లలకి మిగతా పెద్ద కాలేజీల్లో కూడా ఎక్కువగా సీట్లు వచ్చాయా? రాలేదు. ఇరుపక్షాల వాళ్ళకీ మిగతాచోట్ల అవకాశాలు ఒకేలా ఉన్నాయి. అంటే ఆ పిలుపు పిల్లల సత్తాని బట్టి రాలేదు, ఆ ఏడు ఆ కాలేజీకి ఉన్న అవసరాన్ని బట్టి వచ్చింది. ఆ జాబితాలో ఉన్నాక పిలుపు రావడమూ రాకపోవడమూ పిల్ల గురించి ఏమీ చెప్పదన్న సంగతి మీదే అంత పెద్ద పరిశోధన నిలబడింది.

మరి ఫలితం? సగటు సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే సంపాదనలో అందరికంటే పైనుండే ఒక్క శాతంలోకి చేరే అవకాశం మాత్రం సుమారు సగం పెరిగింది. పేరుమోసిన గ్రాడ్యుయేట్ స్కూళ్ళలో సీటు దొరికే అవకాశం దాదాపు రెట్టింపయింది, గొప్ప పేరున్న సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశం మూడింతలయింది. దీన్ని దాచి ‘ఏ కాలేజీ అయినా ఒకటే’ అని చెప్పడం నాకిష్టం లేదు. కొన్ని ఇరుకు తలుపులు ఉన్నాయి, వాటి తాళాలు కొన్ని కాలేజీల చేతుల్లోనే ఉన్నాయి. అదే పరిశోధన ఇంకో చేదు నిజం కూడా చెప్పింది: ఒకే మార్కులున్నా, అందరికంటే ధనికులైన ఒక్క శాతం ఇళ్ళ పిల్లలకి ఆ కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకంటే రెండింతలు పైనే. తల్లిదండ్రులు అక్కడే చదివి ఉండటం, ఆటల కోటా, చదువుతో సంబంధం లేని ఇతర మార్కులు, ఇవీ ముఖ్య కారణాలు.

అంతకు ముందే, 2002లో, స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఇంకో దారిలో వెళ్ళి చూశారు. 1976లో కాలేజీల్లో చేరినవాళ్ళ సంపాదనని ఏళ్ళ తర్వాత పరిశీలించారు. గొప్ప కాలేజీలకి అప్లై చేసి, అంత గొప్పవి కాని చోట్ల చదివినవాళ్ళు సంపాదనలో వెనకబడలేదు. పేదింటి పిల్లల విషయంలో మాత్రం కాలేజీ తేడా గట్టిగా పనిచేసింది. ఇది నాకు చాలా ముఖ్యంగా తోచింది. ఇంట్లో పుస్తకాలు, చుట్టూ ఇంజనీర్లు, దారి చెప్పే పెద్దలు ఉన్న పిల్లకి కాలేజీ పేరు కలిపేది తక్కువ. అవేమీ లేని పిల్లకి కలిపేది చాలా ఎక్కువ. మన కాలనీల్లో పేరు కోసం తహతహలాడేది మాత్రం మొదటి రకం ఇళ్ళే.

ఇక డబ్బు. ఇది చెప్పకుండా కాలేజీ గురించి మాట్లాడటం నాకు సగం మాటే అనిపిస్తుంది.

పెద్ద ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు, హాస్టలు, తిండి, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటింది. నాలుగేళ్ళకి మూడు లక్షల అరవై వేలు. ఊళ్ళో వాళ్ళకి చెప్పాలంటే మూడు కోట్ల రూపాయల పైమాటే. అందరూ అంత కట్టరు, నిజమే. 2011 అక్టోబరు నుంచి ఫెడరల్ ఎయిడ్ తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో ‘నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్’ పెట్టి తీరాలని ఇక్కడి చట్టం. మీ ఆదాయం, ఆస్తి వేస్తే మీకు పడే ఖర్చు సుమారుగా చెబుతుంది. తక్కువ ఆదాయమున్న ఇంటికి డబ్బున్న ప్రైవేటు కాలేజీయే స్టేట్ కాలేజీ కంటే చవక పడొచ్చు. 2025 నుంచి హార్వర్డ్, ఎంఐటీ ఏడాదికి రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న ఇళ్ళకి ట్యూషన్ ఫీజే లేకుండా చేశాయి. ఒక్కరే ఉద్యోగం చేసే ఇళ్ళవాళ్ళు బోర్డు మీద ధర చూసి భయపడి అప్లై చేయడమే మానేస్తారు. అలా మానకూడదు, ముందు ఆ క్యాలిక్యులేటర్ చూడాలి.

మాలాంటి ఇళ్ళ కథ వేరు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్. కాగితం మీద ఆదాయం పెద్దది. ఆ కాగితంలో కనబడనివి చాలా ఉంటాయి. ఊళ్ళో అమ్మానాన్నల మందులు, తమ్ముడి ఇంటి అప్పులో మన వాటా, చెల్లెలి పెళ్ళికి తీసిన డబ్బు. ఫెడరల్ ఎయిడ్ కోసం నింపే ఫాఫ్సా ఫారంలో వీటికి గడి లేదు. ఇంతకు ముందు ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే, ఇల్లు భరించగలదనుకున్న మొత్తాన్ని ఇద్దరికీ పంచేవారు. 2024-25 నుంచి వచ్చిన కొత్త లెక్కలో ఆ పంపకం తీసేశారు. కవల పిల్లలున్న మా స్నేహితురాలి ఇంట్లో ఆ ఒక్క మార్పు వల్ల నాలుగేళ్ళ ప్లానంతా తిరగరాసుకోవాల్సి వచ్చింది.

మిగిలేది అప్పు. పిల్ల పేరుమీద ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పుకి పరిమితి ఉంది: మొదటి ఏడు 5,500 డాలర్లు, నాలుగేళ్ళకీ కలిపి 27 వేలు. నా దృష్టిలో అది మంచి పరిమితి. అంతవరకైతే ఉద్యోగం వచ్చాక తీర్చుకోగలదు. ప్రమాదం తల్లిదండ్రుల పేరుమీద తీసుకునే పేరెంట్ ప్లస్ అప్పుతో. ఇన్నేళ్ళుగా దానికి పరిమితే లేదు, కాలేజీ ఎంత ఖర్చంటే అంతా ఇచ్చారు. 2025 జూలైలో వచ్చిన చట్టం 2026 జూలై నుంచి దాన్ని ఏడాదికి 20 వేలకి, ఒక్కో పిల్లకి మొత్తం 65 వేలకి కుదించింది. దీనివల్ల కొందరు వడ్డీ ఎక్కువుండే ప్రైవేటు అప్పుల వైపు వెళ్తారన్న భయం ఉంది. ఆ భయం నాకూ ఉంది.

వీసా కాగితం ఇంకా తేలని ఇళ్ళకి ఈ లెక్కలు కూడా వర్తించవు. అమ్మానాన్నల ఉద్యోగ వీసా నీడన వచ్చే హెచ్-4 మీద ఉన్న పిల్ల రెండేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చి, ఇక్కడే బడికి వెళ్ళి, ఇక్కడి జెండాకి రోజూ నమస్కారం పెట్టి పెరిగినా, ఫెడరల్ ఎయిడ్‌కి అర్హురాలు కాదు. చాలా యూనివర్సిటీలు ఆమెని విదేశీ విద్యార్థిగానే చూస్తాయి. ఇన్‌స్టేట్ ఫీజు ఇస్తారా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న పరిమితి వల్ల మన క్యూ దశాబ్దాల దాకా సాగుతోంది. పిల్లకి 21 నిండితే అమ్మానాన్నల వీసా నీడ పోతుంది. డిగ్రీ మధ్యలో విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి, దాంతో ఫీజూ మారిపోవచ్చు. అలాంటి ఇంట్లో కాలేజీ ఎంపికంటే నాలుగేళ్ళ ఫీజుతో పాటు మూడో ఏట వచ్చే పుట్టినరోజుని కూడా లెక్కలో వేసుకోవడం. మా వీధిలో ఒక అక్క, "మిగతావాళ్ళు ర్యాంకింగు చూస్తారు, మేం మావాడి పుట్టిన తేదీ చూస్తాం" అంది. ఆ అబ్బాయికి మా అమ్మాయి కంటే మార్కులు ఎక్కువ.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి ఇప్పుడు వస్తాను.

నేను అమెరికాకి ఎంఎస్ చదవడానికి వచ్చినప్పుడు తెనాలి దగ్గర మా నాన్న మాగాణి అమ్మారు. నాకు చెప్పలేదు. "డబ్బు సంగతి నీకెందుకమ్మా, నువ్వు చదువుకో" అన్నారంతే. ఏదో జరిగిందని తెలుసు, ఎంతో తెలియదు. ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో బాబాయి మాటల్లో బయటపడింది, ఏ చేను, ఎంతకి, ఎవరికి అని. చదువుకునే రోజుల్లో నాకు కంప్యూటర్లు వదిలేసి ప్రజారోగ్యం చదవాలనిపించింది. ఒక ప్రొఫెసర్ చేరమని కూడా అడిగారు. నేను ఆ మాట ఇంట్లో ఎత్తనేలేదు. నాకోసం ఎంత ఖర్చయిందో తెలిస్తే, ఇంత తీర్చాలి, ఇన్నేళ్ళు పడుతుంది, తర్వాత నా ఇష్టం అనుకునేదాన్నేమో. తెలియని మొత్తానికి అంతు ఉండదు. అది ఎంత తీర్చినా తీరదు. మా నాన్న ఆ మౌనాన్ని ప్రేమగానే ఇచ్చారు, ఇప్పటికీ నేను దాన్ని ప్రేమగానే తీసుకుంటాను. కానీ ఆ మౌనం నా తరఫున కొన్ని నిర్ణయాలు తీసేసుకుంది.

కాలేజీ ఖర్చులో ఎవరూ వేయని పద్దు ఇది. మనం భరించలేనంత కట్టినప్పుడు ఆ డబ్బు వెనకాల ఒక హక్కు పెరుగుతుంది. పిల్ల మేజర్ మార్చుకుంటానంటే "ఇంత పోసి చదివిస్తే ఇదా?" అన్న మాట నోటిదాకా వస్తుంది. నోరు అనకపోయినా ముఖం అంటుంది. కంప్యూటర్ సైన్స్ (సీఎస్)లో చేర్పిస్తే ఎకాలజీ ఎందుకని అడుగుతుంది. మొదటి ఉద్యోగం జీతం తక్కువైనా నచ్చింది అంటే ఈఎంఐ గుర్తుచేస్తుంది. పెద్ద కాలేజీ ఇచ్చే గొప్ప సంగతి తలుపులు తెరవడమే అంటారు. అప్పు పరిమితి దాటితే ఆ తలుపులన్నిట్లోంచీ ఎక్కువ జీతం ఇచ్చే ఒక్క తలుపు గుండానే వెళ్ళాలి. అందుకే ‘ఈ కాలేజీ ఎంత గొప్పది’ అన్నదానికంటే ‘దీనికి కట్టాక మా అమ్మాయికి ఇష్టపడి మనసు మార్చుకునే చోటు ఎంత మిగులుతుంది’ అన్నది నాకు పెద్ద ప్రశ్న అయింది.

అప్లికేషన్లు మొదలుపెట్టకముందే, ఆగస్టులో ఒక ఆదివారం, ముగ్గురం కూర్చున్నాం. కాలేజీ చదువు కోసం దాచే 529 ఖాతాలో ఉన్నది, జీతాల్లోంచి తీయగలిగింది, అమ్మమ్మ తాతయ్యలకి పంపేది, అన్నీ కాగితం మీద పెట్టాం. అప్పు లేకుండా మేం ఏడాదికి 35 వేల డాలర్లు పెట్టగలం అని చెప్పాం. తను కాసేపు ఆ కాగితం చూసింది.

"అంటే 90 వేల కాలేజీకి వెళ్తే?"

"ఏడాదికి 55 వేలు తగ్గుతాయి. నాలుగేళ్ళకి రెండు లక్షల ఇరవై వేలు. నీ పేరుమీద 27 వేలే వస్తాయి. మిగతా లక్షా తొంభై మూడు వేలు మేం అప్పు చేయాలి," అన్నారు వాళ్ళ నాన్న.

"చేస్తారా?"

"అడిగితే చెయ్యాలనిపిస్తుంది బంగారూ. కానీ చెయ్యం."

"సరే. అయితే ఈ 35 వేలకి నేను మీకు ఏం లెక్క చెప్పాలి?"

నేను నవ్వాను గానీ అది నిజంగా అడగాల్సిన ప్రశ్న. "ఏమీ చెప్పక్కర్లేదు. అది నీదే. అందుకే అంతవరకే ఇస్తున్నాం," అన్నాను.

ఆ మాట ముందుగా చెప్పడం వల్ల ఏప్రిల్ మాకు తేలికైంది. అడ్మిషన్ వచ్చాక లెక్క చెబితే పిల్లకి అది కల లాగేసుకున్నట్టు ఉంటుంది. రాకముందు చెబితే తన కలని తనే దిద్దుకుంటుంది. మన ఇళ్ళలో పిల్లల ముందు డబ్బు మాట ఎత్తడం తప్పన్న అలవాటు ఉంది. పదహారు, పదిహేడేళ్ళు వచ్చిన పిల్లలకి ఇంటి జమాఖర్చు చూపించడం వాళ్ళని కష్టపెట్టడం కాదు. నువ్వు ఈ ఇంట్లో పెద్దమనిషివి అని చెప్పడం.

మా రాష్ట్రం సంగతి కూడా చెప్పాలి. జార్జియాలో 1992లో ప్రజలు ఓటు వేసి లాటరీ తెచ్చుకున్నారు, ఆ డబ్బుతో 1993 నుంచి హోప్ స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. మార్కులు ఇంకా బాగుంటే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్, స్టేట్ కాలేజీలో ట్యూషన్ మొత్తం అదే కడుతుంది. అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారు. మొదట్లో హోప్‌ని 66 వేల డాలర్ల లోపు ఆదాయమున్న ఇళ్ళకే ఇచ్చేవారు, 1995లో ఆదాయ పరిమితే ఎత్తేశారు. గ్యాస్ బంకులో లాటరీ టికెట్ల కోసం నిలబడేవాళ్ళని చూస్తే వాళ్ళలో ఎక్కువమంది రోజు కూలీకి వెళ్ళేవాళ్ళే అనిపిస్తుంది. మా అమ్మాయి ట్యూషన్ ఫీజు కట్టేది వాళ్ళు. ఆ ఆదాయ పరిమితి మళ్ళీ పెట్టాలని నా నమ్మకం, పెడితే మా ఇంటికి రాకపోయినా సరే. మావాళ్ళు కొందరు ‘స్టేట్ కాలేజీయేనా’ అని పెదవి విరిచినప్పుడు నాకు ఆ బంకు దగ్గర వరుస గుర్తొచ్చి బాధ కలుగుతుంది.

ర్యాంకింగుల గురించి ఎక్కువ రాయను. 2022లో కొలంబియా యూనివర్సిటీ ర్యాంకింగు కోసం పంపిన అంకెల్లో తేడాలున్నాయని ఆ యూనివర్సిటీ లెక్కల ప్రొఫెసరే బయటపెట్టారు. ఆ ఏడు అది రెండో స్థానం నుంచి పద్దెనిమిదికి పడింది. అక్కడి పాఠాలూ, ప్రొఫెసర్లూ మారలేదు. ఆ ర్యాంకింగుల్ని పట్టుకుని పిల్లలకి జీవితాలు నిర్ణయించడం మానేస్తే మంచిదని ఆ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

దానికి బదులు ఏం చూడాలి? 2014లో గ్యాలప్, పర్‌డ్యూ యూనివర్సిటీ కలిసి ముప్ఫై వేలమంది డిగ్రీ చదివినవాళ్ళని అడిగి చూశాయి. తర్వాతి జీవితంలో పనిమీద ఇష్టం, మనసు నిండుగా ఉండటం, వీటికి కాలేజీ రకంతో పెద్దగా సంబంధం కనబడలేదు. నన్ను ఒక మనిషిగా పట్టించుకున్న ప్రొఫెసర్ ఒకరు ఉన్నారు, చదువు మీద ఉత్సాహం పుట్టించారు, నా కలని ముందుకు తోశారు అని చెప్పగలిగినవాళ్ళ దగ్గర తేడా కనబడింది. అందుకని ఏథెన్స్ వెళ్ళినప్పుడు మేం భవనాల టూరుతో ఆగలేదు. మా అమ్మాయికి చెరువులు, చిత్తడి నేలలు అంటే ప్రాణం, ఎకాలజీ చదవాలని ఉంది. అక్కడి ఓడమ్ స్కూల్ ఆఫ్ ఎకాలజీ ఈ శాస్త్రం కోసమే విడిగా పెట్టినవాటిలో మొదటిదని చెబుతారు. పేరు యూజీన్ ఓడమ్‌ది. 1953లో ఆయన రాసిన పాఠ్యపుస్తకంతోనే ఒక తరం ఎకాలజీ నేర్చుకుంది. అదంతా గోడమీద రాసి ఉంటుంది, అది చాలదు. కారిడార్లో కనబడిన రెండో సంవత్సరం పిల్లని మా అమ్మాయి అడిగింది: మొదటి ఏడు పాఠాలు చెప్పేది ఎవరు? ల్యాబులోకి ఎప్పుడు రానిచ్చారు? నీ పేరు తెలిసిన ప్రొఫెసర్లు ఎంతమంది? ఆ పిల్ల నిలబడి చాలాసేపు చెప్పింది. తను పనిచేసే వాగు గురించి, అందులో పట్టే పురుగుల గురించి, రబ్బరు బూట్లలోకి నీళ్ళు పోవడం గురించి. తిరిగొచ్చే దారిలో మా అమ్మాయి ఆ వాగు గురించే మాట్లాడింది, రెండో యూనివర్సిటీ పేరు ఎత్తలేదు.

‘ఎకాలజీయా? సీఎస్ కాదా?’ అని అడిగినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర గొప్ప జవాబు లేదు, తనకిష్టం అని మాత్రం చెప్పాను.

వెయిట్‌లిస్ట్‌లో ఉన్న పిల్లలు ఏం చెయ్యాలన్న దానికి నా అభిప్రాయం ఇది. పిలుపొస్తే డబ్బు ఇబ్బంది లేకుండా వెళ్ళగలిగితే ఉండండి. ఇంకా ఆసక్తి ఉందని ఒక్క ఉత్తరం రాయండి, అదీ పిల్లే రాయాలి. మే 1కి అవునన్న చోట డిపాజిట్ కట్టండి, ఒక్క చోటే కట్టండి. 2019లో ఇక్కడి న్యాయశాఖ ఒత్తిడి మీద అడ్మిషన్ల సంఘం తన పాత నియమం తీసేసింది. వేరే చోట డిపాజిట్ కట్టిన పిల్లల్ని కూడా ఇప్పుడు కాలేజీలు తమవైపు లాక్కోవచ్చు. వెయిట్‌లిస్ట్ నుంచి ఫోన్లు కూడా జూన్ దాకా రావచ్చు. అలాంటి పిలుపు వస్తే ఒకటి రెండు రోజుల్లో చెప్పమంటారు, ఎయిడ్ వివరం సగమే తెలుస్తుంది. ముందే గీత గీసుకోని ఇంట్లో ఆ రెండు రోజులు నరకం. గీత దాటలేరని తెలిసినప్పుడు జాబితాలో ఉండటం పిల్లకి వేసవి అంతా తగిలించిన గొలుసు అవుతుంది. మా అమ్మాయి తనంతట తనే, మమ్మల్ని అడగకుండా, తన పేరు తీసేయమని రాసింది. మాకు మర్నాడు చెప్పింది.

ఇప్పుడు మా ఇంట్లో మాటలన్నీ వేరే. జెల్ మిల్లర్ నిలవాలంటే కాలేజీలో జీపీఏ 3.3 ఉండాలి, అది పోతే హోప్‌కి 3.0 చాలు. సైన్స్ చదివే పిల్లకి కెమిస్ట్రీ, కాలిక్యులస్ మొదటి ఏడే మీద పడతాయి. స్కాలర్‌షిప్ పోతుందన్న భయంతో చాలామంది పిల్లలు తేలిక క్లాసులు ఏరుకుంటారని సీనియర్ల తల్లులు చెప్పారు. వాళ్ళ నాన్న ఆ ట్యూషన్ డబ్బు నాలుగేళ్ళకీ 529లోనే విడిగా ఉంచి, "పోతే పోనీ, ఇది ఉంది, కష్టమైన క్లాసు నచ్చితే తీసుకో," అన్నారు. తను ఆగస్టు టైంటేబుల్‌లో గణాంకాల కోర్సు ఒకటి, పొద్దున్నే ఉండే బయాలజీ ల్యాబు ఒకటి పెట్టుకుంది. నాకు తెలియని ఒక ప్రొఫెసర్ పేరు చెప్పి, ఆయన క్లాసులో సీటు దొరుకుతుందో లేదో అని కంగారు పడుతోంది.